సంతకం లేని హాజరు పట్టీ

ఇంటర్వ్యూ పదకొండింటికి. పదింటికే కళాచరిత్ర గది ముందు స్టూలెక్కి, మూడో ఏడు చదివే అర్చన తలుపు మీద మరాఠీలో పేరు రాస్తోంది. ‘ప్రొఫెసర్ ప్రతీక్’ వరకూ అయింది. ప్రతీక్ అంటే ఈ కాలేజీ నడిపే సంస్థ అధ్యక్షుడు అనంతరావు మేనల్లుడు.

“ఎవరు రాయమన్నరే?” అంది స్నేహలత.

“ప్రిన్సిపాల్ సారు. రంగు ఆరాలె గద, జల్ది రాయమన్నడు.” పిల్ల బ్రష్ దించింది. “మీ పేరే రాస్తమనుకున్నం మేడం.”

స్నేహలత తొమ్మిదేళ్లుగా ఆ గదిలో గంటల లెక్కన పాఠం చెబుతోంది. ప్రతి జూన్‌లో మళ్లీ మొదటి నుంచి అర్జీ పెట్టుకుంటోంది. ఈ పొద్దున కూడా తుకుంలోని ఇంట్లో నలుగురికి టిఫిన్లు సర్ది, బస్సులో నిలబడే వచ్చింది. కాళ్లు అప్పుడే లాగుతున్నాయి.

వరండాలో పోచన్న, విద్య కూర్చుని ఉన్నారు. ఇదే సంస్థ నడిపే వేరే కాలేజీల్లో ఇలాగే గంటల లెక్కన చెప్పే వాళ్లు, ఆమెలాగే ఈ పర్మనెంటు ఉద్యోగానికి అభ్యర్థులు. గుమాస్తా రామకిషన్ హాజరు పట్టీ తెచ్చాడు.

“సంతకాలు పెట్టుండ్రి. లోపల రెండు ముచ్చట్లడుగుతరు. చాయ్ తాగి పోవుడే.”

“నాకిది మూడోసారి,” పోచన్న నవ్వాడు. “పెండ్లి ఎవనిదైనా తోడు పెండ్లికొడుకును నేనే.”

“నవ్వకు పోచన్నా. రామకిషనన్నా, మేం లోపలికి రాకుంటే ఏమైతది?” అంది స్నేహలత.

“ముగ్గురన్న లేకుంటే ఇంటర్వ్యూ చెల్లదు మేడం. రూలు.” అనేసి నాలుక కరుచుకున్నాడు.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ తాము ఎవరికీ అక్కర్లేని వాళ్లమనుకున్నారు. తీరా తాము కూర్చోకపోతే ఆ కుర్చీలో ప్రతీక్ కూర్చోలేడు.

“అక్కా, పెట్టకుంటే క్లాసులు గుంజుకుంటరు,” అంది విద్య. “ఇంట్ల ఇద్దరు పిల్లలు.”

“తొమ్మిదేండ్ల సంది పెడుతున్న. ఏమిచ్చిండ్రు?”

“ఒక్కలు ఆగితె తీసి పారేస్తరు,” అన్నాడు పోచన్న.

“అందుకే ముగ్గురం ఆగుదాం. గిక్కడ్నే కూసుందాం. నిలవడి కొట్లాడుడు నాతోని కాదు.”

విద్య చాలాసేపు పెన్ను వంక చూసింది. మూత పెట్టి రామకిషన్ చేతికిచ్చేసింది.

పదకొండున్నరకు అనంతరావు బయటికొచ్చాడు. “బొగ్గు గనుల్లో బతకడానికొచ్చిన తెలుగు వాళ్లు నాకు రూల్స్ నేర్పుతారా?” అని మరాఠీలో అరిచాడు.

“మా నాయిన బొగ్గు తీస్తేనే మీ ఇండ్లల్ల లైట్లు ఎలిగినయ్ సార్,” అంది స్నేహలత తెలుగులోనే. అతనికి అర్థమయింది.

అంతలో అర్చన వచ్చి నేల మీద కూర్చుంది, చేతులకు రంగుతోనే. వెనక క్లాసంతా వచ్చింది. వరండా నిండిపోయింది.

“అందరూ మా ముందట పాఠం చెప్పాలె,” అంది అర్చన. “ఎవరికి వస్తదో మేం ఇంటం. అప్పుడు తీసుకోండ్రి.”

“అవును, మా ముందటనే!” వరండా అంతా అంది.

ఒంటిగంటకు ఇంటర్వ్యూ కమిటీ వాళ్లు ఇంటర్వ్యూ జరపకుండానే కార్లెక్కి వెళ్లిపోయారు. రెండింటికి రామకిషన్ ఒక కాగితం తెచ్చి, కళ్లెత్తకుండా ఇచ్చాడు. స్నేహలత క్లాసులన్నీ రద్దు. ఆమె చదివి, మడిచి, సంచిలో పెట్టుకుంది. విద్య ఏడ్చింది. పిల్లలు మాత్రం లేవలేదు.

ఫోన్ మోగింది. రాజురా నుంచి రమ, మరో కాలేజీలో గంటల లెక్కన చరిత్ర చెబుతుంది.

“అక్కా, ముచ్చట తెలిసింది. సోమవారం మాకాడ ఇంటర్వ్యూలు. మేం ఐదుగురం. ఏం జెయ్యాలె?”

“ఎవ్వరు లోపలికి పోకుండ్రి. భయమైతే ఒకల పక్కన ఒకలు కూసోండ్రి.” స్నేహలత చెప్పులు విడిచి, వాచిన పాదాలు చాపుకుంది. “నేను సుత వస్త. నాకిప్పుడు క్లాసుల్లేవు గద.”