చిల్లు పెట్టిన ఫ్లాపీ

ఆ డీటీపీ సెంటర్లో ఆపరేటర్‌ని అందరూ చిల్లు మాస్టారనే పిలిచేవారు. తక్కువ పట్టే ఫ్లాపీకి మూలన డ్రిల్లుతో ఒక చిల్లు పొడిస్తే చాలు, కంప్యూటర్ మోసపోయి దాంట్లో రెట్టింపు సరుకు నింపేస్తుంది. ఆ కిటుకు కనిపెట్టినందుకు అతనికి మహా గొప్ప. అలా చెయ్యకూడదన్నవాళ్ళని పిరికివాళ్ళ కింద జమకట్టేవాడు.

మరదలి పరిశోధన గ్రంథాన్నీ అలాంటి ఫ్లాపీలోనే కుక్కాడు. కంప్యూటర్లో చోటు చాలక అసలు కాపీ చెరిపేశాడు.

ఈ సాయంత్రం ఐదులోగా గ్రంథం యూనివర్సిటీలో ఇవ్వకపోతే ఆమె ఐదేళ్ళ కష్టం మట్టిగొట్టుకుపోయినట్టే. ఒంటిగంటకి నాలుగు అధ్యాయాలు ప్రింటయ్యాయి. చివరిదైన ఐదోది తెరవబోతే డ్రైవు గరగరలాడి, చదవలేనంది.

ఫ్లాపీ తీసి ఊదాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ గరగర. పక్క మెషిన్లో పెడితే, ఇది ఖాళీ డిస్కులా ఉంది, ఫార్మాట్ చెయ్యమంటారా అని అడిగింది. అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఔనంటే ఉన్నది కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది.

"ఏమైంది బావా?" వెనక నుంచి మరదలు.

"నువ్వు చేత్తో రాసిన కాగితాలున్నాయా?"

"ఫ్లాపీ ఉండగా ఆ చెత్తెందుకు, పారెయ్యమన్నది నువ్వేగా!"

ఆమె ముఖం పాలిపోయింది. అయినా తమాయించుకుని, "పోనీలే బావా, డిస్కు పాడైతే నువ్వు మాత్రం ఏం చేస్తావ్" అంది.

ఊ అనేస్తే సరిపోయేది. సిగ్గుతో చచ్చిపోతూ అతను ఫ్లాపీ తీసి, చిల్లు చూపించాడు.

"పాడవలేదు. నేనే పాడుచేశాను. ఇది అంత మోసే డిస్కు కాదు."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి. గడియారం చూసి, కుర్చీ అతని పక్కకి లాక్కుంది.

"గుర్తున్నంత చెప్తాను. కొట్టు. ఆగావంటే ఊరుకోను."

ఆమె కళ్ళు మూసుకుని చెబుతోంది. అతని వేళ్ళు పరిగెడుతున్నాయి. మధ్యలో ఒక అంకె గుర్తురాక ఆమె ఆగిపోయింది. చివరికి గుర్తొచ్చింది. మొదటి పేజీ నిండింది.

"సేవ్ చెయ్యనా?" అన్నాడు అలవాటుగా.

"నీ సేవు నాకొద్దు. ప్రింటు తియ్యి."

మారుమాట్లాడకుండా తీశాడు. ఇంకా వేడిగా ఉన్న ఆ కాగితాన్ని ఆమె అతని చేతికి అందనివ్వకుండా లాక్కుని, ఒళ్ళో పెట్టుకుంది.