తీగ అంచు ఎడమ సగం

పెద్ద వరదకు వరంగల్ వీధుల్లో పడవలు తిరిగాయి చూడండి, దాని మరుసటి ఏడు జరిగిందిది.

ఆ వరదకే కొత్తవాడలో మా చేనేత సంఘం కింది గదిలోకి నడుంలోతు నీళ్లొచ్చాయి. అక్కడున్న కంప్యూటరు పోయింది. మొగిలి గీసిన కాగితాలూ పోయాయి. మొగిలి నా జోడీ. ముప్పై రెండేళ్లు ఒకే మగ్గం మీద అతను ఎడమ పక్క, నేను కుడి పక్క కూర్చుని జంపఖానాలు నేశాం. అతను పోయి నాలుగేళ్లు. అతను గీసిన తీగ అంచు నమూనా ఇక మేడ మీది కంప్యూటరులోనే మిగిలింది.

అది తడవలేదు. అయినా అందులోని నమూనాల పుస్తకం తెరవబోతే బిగుసుకుపోయేది. ఎవరైనా రెండు నిమిషాలు చూసి, విసిగి, మీట నొక్కి ఆర్పేసేవారు.

“రేపు పాతసామాను బండికెక్కిస్త రాములన్నా,” అన్నాడు సంఘం కార్యదర్శి సదానందం. “తీగ అంచు నీకు యాదికున్నది గదా.”

ఉంది, కుడి సగం. ఎడమ సగం మొగిలి చేతికే తెలుసు. ఆ మాట అతనికి చెప్పలేదు. మడికొండలో కంప్యూటరు కొలువు చేసే మొగిలి మనవరాలు మానసకు ఫోను చేశాను.

సాయంత్రం వచ్చింది. పుస్తకం నొక్కింది. బిగుసుకుంది. ఆమె చెయ్యి కూడా మీట మీదికే పోయింది.

“ఆగు బిడ్డా. ఇది ఎవరికోసమో చూస్తాంది,” అన్నాను.

“అదేమన్న పెండ్లిపిల్లనా తాతా?”

వెడల్పు మగ్గం మీద అవతలి మనిషి చేతి నుంచి పేక, అంటే అడ్డపోగు, అందేదాకా వరస కొట్టకూడదు. మొగిలి పోయిన కొత్తలో ఒక్కణ్నే కూర్చునే చిన్న ఆసనాలు నేసుకుంటున్నా, వరస వరసకూ నా చెయ్యి ఆగేది. ఆ ఆగడం నాకు తెలుసు.

వరసలు లెక్కపెట్టినట్టు మనసులో లెక్కపెట్టాను. మూడు వందల ఎనభై దాటాక పుస్తకం తెరుచుకుంది. పేజీ తిప్పితే మళ్లీ బిగుసుకుంది.

మానస నవ్వడం మానేసింది. లేచి వెనకాల నెట్‌వర్క్ వైరు పీకింది. పేజీ వెంటనే తిరిగింది.

“కింద మునిగిన కంప్యూటర్ లేదా తాతా, ఇది ప్రతిదానికి ముందుగాల దాన్నే పిలుస్తాంది. అది పలుకది. పలుకుతదేమో అని ఇది కూసుంటాంది. వైరు తీస్తే ఎవ్వరు లేరని ఎంబడే సమజైతది.”

లోపలెక్కడో ఉన్న ఆ కంప్యూటరు చిరునామా తీసేసి, వైరు మళ్లీ పెట్టింది. ఈసారి ఆగలేదు.

“వరద పోయినసంది దీన్ని కొట్టుడొక్కటే తక్కువ,” అన్నాడు పక్కనే నిలబడి చూస్తున్న సదానందం. “జర ఆగితే తెరుచుకునేదా?”

తెర మీదికి తీగ అంచు వచ్చింది. ఎడమ సగంలో ప్రతి మూడో ఆకూ కిందికి వాలి ఉంది. అన్నేళ్లు పక్కనే కూర్చుని నేనది చూడలేదు. నా వరస నేను చూసుకున్నాను. మానస దాన్ని కాగితం మీదికి తీసిచ్చింది.

“మరి నీకు జోడెవరు రాములన్నా?” అన్నాడు సదానందం.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మరునాడు పొద్దున్నే పక్క వాడలో ఆసనాలు నేసే సమ్మమ్మను పిలుచుకొచ్చి మగ్గం కుడి పక్కన కూర్చోబెట్టాను.

“నీ జాగ నాకిస్తే నువ్వేడ కూసుంటవు బావా?” అంది.

కాగితం ఎదురుగా కట్టి, ఎడమ పక్కకు పోయి కూర్చున్నాను.