పసుపా, నీలమా?

నానమ్మ రాసిన పుస్తకాలన్నీ ఒకచోట పేరిస్తే, అవన్నీ ఒకే మనిషి రాసినవంటే ఎవరూ నమ్మరు. ఉరుముకి భయపడే మబ్బు కథ పక్కన, మురుగునీళ్లు ఎక్కడికి పోతాయో చెప్పే పుస్తకం. అద్దె ఇల్లు దొరక్క వీధులు తిరిగే దెయ్యం పక్కన, వంతెన ఎలా కడతారో బొమ్మలతో సహా. ఎముకల మీద ఒకటి, పోస్టుమాన్ ఉద్యోగం చేసిన గాడిద మీద ఒకటి, సబ్బు మీద ఒకటి, అబద్ధాలాడే అద్దం మీద ఒకటి. ఆవిడని ఏ అరలో పెట్టాలో తోచక పుస్తకాల షాపువాళ్లు ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల పడేసేవారు. దానికి ఆవిడ చిన్నబుచ్చుకునేది కాదు. పిల్లలు అరలు చూసుకుని పుట్టరు కదా అనేది.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ మొండిఘటం. కథల పుస్తకమైతే వెనక అట్ట పసుపు, నిజాల పుస్తకమైతే వెనక అట్ట నీలం. పసుపు అట్ట ఉంటే ఏనుగు ఎగరొచ్చు, దెయ్యం అద్దె దగ్గర గీచిగీచి బేరమాడొచ్చు, అడిగేవాడు లేడు. నీలం అట్ట వేశారంటే మాత్రం, తను కళ్లారా చూసిందో, చూసినవాళ్లని అడిగి తెలుసుకున్నదో తప్ప ఒక్క ముక్క రాయదు. మురుగు పుస్తకం కోసం పనివాళ్ల వెంట కాలవలోకి దిగి, ఇంట్లో ఎవరూ తన పక్కన కూర్చోని రోజులు తెచ్చుకుంది. తేనెటీగల పుస్తకంలో "కుడితే బాగా నొప్పి, నన్ను కుట్టింది" అని రాస్తే, పిల్లలు జడుసుకుంటారు తీసేయండమ్మా అని పబ్లిషరు బతిమాలాడు. నొప్పి లేదని రాస్తే, కుట్టిన రోజున వాళ్లు తేనెటీగని కాదు నన్ను తిడతారు అని ఆవిడ ససేమిరా అంది.

ఈ రంగుల గొడవ పుస్తకాల్లోంచి ఇంట్లోకి ఎప్పుడు నడిచొచ్చిందో ఎవరికీ గుర్తులేదు. కొడుకు చిన్నప్పటినుంచే ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు ఏ కబురు చెప్పినా "పసుపా, నీలమా?" అని అడగడం, నీలం అని చెప్పినదాన్ని తప్పకపోవడం. ఇప్పుడు మనవరాలు దాన్ని ఇంకా కట్టుదిట్టం చేసింది. మూడో క్లాసు చదివే ఆ పిల్లని ఇంట్లో అందరూ ప్లీడరు అంటారు. రేపు ఐస్‌క్రీమ్ కొనిపెడతానని తండ్రి నోరు జారితే చాలు, రంగు చెప్పించుకుని, తల్లిని సాక్షిగా పిలిచేది.

ప్లీడరుకి ఎడమ చెవి సరిగ్గా వినపడదు. చిన్నప్పుడు మాటిమాటికీ చీము పట్టి కర్ణభేరికి చిల్లు పడింది. క్లాసులో టీచరు ఎడమవైపు నుంచి పిలిస్తే పలికేది కాదు, పొగరనుకుని తిట్లు తినేది. ఆపరేషను చేసి ఆ చిల్లు మూసేద్దాం, ఇంకా ఆలస్యం చేస్తే ఉన్న వినికిడి కూడా పోతుందని చెవి డాక్టరు గారు చెప్పింది. సరే అన్నారు అందరూ, ఒక్క ప్లీడరు తప్ప. గతంలో ఎవరో నర్సు "చీమ కుట్టినట్టు ఉంటుందంతే" అని ఇంజెక్షను పొడిచింది. ఆ చీమని ఈ పిల్ల ఈ జన్మకి మర్చిపోదు. ఆస్పత్రి పేరెత్తితే మంచం కోడు పట్టుకుని వేలాడేది.

అప్పుడు కొడుక్కి ఒక తెలివి పుట్టింది. అదేం తెలివో చూడండి. అతను ఇళ్లకి రంగులు వేయించే కాంట్రాక్టరు. గోడని ఒక్కసారి చూస్తే చాలు, రేపు అదే రంగు డబ్బాలో కలిపి తెస్తాడు. నానమ్మ వేరే ఊళ్లో బడిపిల్లలకి పుస్తకాలు చదివి వినిపించడానికి వెళ్లిన సమయం చూసి, తనే కూర్చుని ఒక చిన్న పుస్తకం రాశాడు. డాక్టరు గారు చెవిలోకి లైటు వేసి చూస్తారు. కాసేపు కూర్చుంటారు. ఇంటికి వచ్చేస్తారు. అంతే. నాలుగు బొమ్మలు గీసి, జెరాక్స్ తీయించి, పిన్నులు కొట్టి, వెనక అట్టకి అచ్చు అమ్మ పుస్తకాల నీలమే, వీసమెత్తు తేడా లేకుండా పూశాడు. పైన నానమ్మ పేరు వేశాడు. కోడలు వద్దు వద్దంటూనే నోరు మూసుకుంది.

ప్లీడరు అట్ట తిప్పి చూసుకుంది, నమ్మింది. బుద్ధిగా తల దువ్వించుకుని తండ్రి చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి నడిచింది. లైటు వేసి చూశారు, కాసేపు కూర్చున్నారు, అంతా పుస్తకంలో ఉన్నట్టే జరిగింది. వచ్చేముందు అక్కడి నర్సు, వచ్చే వారం తీసుకొచ్చేటప్పుడు పిల్లకి పొద్దున్నే ఏమీ పెట్టకండి, నీళ్లు కూడా వద్దు అంది. లైటు వేసి చూడ్డానికి నీళ్లెందుకు తాగకూడదని ప్లీడరు అడిగింది. ఆపరేషనుకి మత్తిస్తారు కదమ్మా అని ఆ నర్సు పాపం ఉన్నమాటే చెప్పింది.

నానమ్మ ఊరినుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఎదురు రాలేదు. కొడుకు మొహం చాటేశాడు. ఏమైందని ఎవరినీ అడగక్కర్లేకపోయింది, ముందుగదిలో పుస్తకాల అరే చెప్పింది. నీలం అరలో ఒక్క పుస్తకం లేదు. ఎముకలు, వంతెన, సబ్బు, మురుగు, తేనెటీగలు అన్నీ దెయ్యాల మధ్య, ఎగిరే ఏనుగుల మధ్య పసుపు అరలో కుక్కేసి ఉన్నాయి. అన్నిటికంటే ముందు ఆ పిన్నులు కొట్టిన పుస్తకం ఉంది.

నానమ్మ దాన్ని తీసి చదివింది. ఆవిడకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. అది కొడుక్కి బాగా తెలుసు కనక ఆమడ దూరంలో నుంచున్నాడు. నీ మాటైతే వింటుందని చేశానమ్మా, దాని మంచికే కదా అని గొణిగాడు.

"నా మాట కాదురా ఇది. నీ మాటకి నా చొక్కా తొడిగావు," అంది నానమ్మ. "భయం ఒక రోజుది. నమ్మకం పోతే మళ్లీ ఏ షాపులో కలిపి తెస్తావు?"

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆపరేషను వారంలో పడింది. ఆ రోజు దాటిపోతే డాక్టరు గారు మళ్లీ ఎప్పటికి దొరుకుతుందో తెలీదు. ఎత్తుకుని తీసుకుపోదామంటే, తన్నుకునే పిల్లకి మత్తెలా ఇస్తారు?

నానమ్మ వెళ్లి ప్లీడరు పక్కన, కుడివైపు కూర్చుంది. అది నేను రాయలేదే అంది.

"నాన్న కూడా అదే చెప్పాడు," అంది ప్లీడరు. "కానీ అది మాత్రం నిజమని నాకెలా తెలుస్తుంది?"

ఎక్కడెక్కడి పిల్లలో ఆ నీలం రంగు చూసి నానమ్మ మాట నమ్మారు, సొంత ఇంట్లో పిల్ల నమ్మడం లేదు. ఆ రాత్రి ఆవిడకి బాధ కంటే సిగ్గు ఎక్కువేసింది, తప్పు తనది కాకపోయినా సరే.

తెల్లారి లేచి, కొత్త పుస్తకానికి ఎప్పుడూ చేసే పనే చేసింది. సంచీ భుజాన వేసుకుని ఆస్పత్రికి పోయింది. చెవి డాక్టరు గారు భోజనానికి లేచేదాకా కాపు కాసి, ఆవిడ డబ్బా మూత తీయకముందే ప్రశ్నలు మొదలెట్టింది. ఎక్కడ కోస్తారు, ఏం అతికిస్తారు, లేచాక కడుపులో తిప్పుతుందా. మత్తు డాక్టర్ని బతిమాలి మాస్కు మొహానికి పెట్టుకుని వాసన చూసింది. చక్రాల బల్ల ఎక్కి పడుకుని, దొర్లించమంది. ఈ వయసులో మీకిదేం సరదా పెద్దమ్మా అని నర్సులు నవ్వారు. పైకప్పు ఎలా కదులుతుందో చూడకపోతే ఎలా రాస్తానమ్మా అంది. చివరికి అన్నిటికంటే పెద్ద ప్రశ్న అడిగింది, పిల్లకి బాగా వినిపిస్తుందా అని. చాలామందికి వినిపిస్తుంది, ఈ పిల్లకి ఎంతవరకు అన్నది చెవిలో దూది తీశాకే చెప్పగలను అంది డాక్టరు గారు.

ఇంటికొచ్చి పుస్తకం తయారుచేసింది. ఈసారి వెనక అట్టకి ఏ రంగూ లేదు, ఒట్టి తెలుపు. ప్రతి వాక్యం చివర ఒక చిన్న గడి గీసింది. దాన్నీ, ఒక ఎర్ర పెన్సిల్నీ తెచ్చి ప్లీడరు ముందు పెట్టింది.

"దీన్ని నమ్మకు," అంది. "అక్కడికెళ్లి ఒక్కొక్కటీ చూసుకో. నిజమైతే టిక్కు పెట్టు, కాకపోతే కొట్టేయ్. రంగు ఏం వేయాలో ఆఖర్న నువ్వే చెప్పు."

ప్లీడరు ముట్టుకోలేదు. నానమ్మ వంటింట్లోకి వెళ్లి, అక్కడ పనేమీ లేకపోయినా గిన్నెలు సర్దింది. తిరిగొచ్చేసరికి పిల్ల బోర్లా పడుకుని చదువుతోంది. నొప్పి ఉంటుందా? ఉంటుంది, చీమ కుట్టినట్టు కాదు. మోకాలు దోక్కుపోయిన రోజు రాత్రి సలిపినట్టు సలుపుతుంది. మందు ఇస్తారు, తగ్గుతుంది, వెంటనే తగ్గదు. వాంతి రావచ్చు. తలకి పెద్ద కట్టు ఉంటుంది, అద్దంలో చూసుకుంటే నవ్వొస్తుంది. మత్తులో ఉన్నప్పుడు ఏమీ తెలీదు, ఎందుకంటే నిద్ర కంటే లోతుగా ఉంటావు. ఆఖరి పేజీ దగ్గర పిల్ల చాలాసేపు ఆగిపోయింది. అందులో రెండే మాటలున్నాయి. బాగా వినిపిస్తుందా? నాకు తెలీదు, డాక్టరు గారికీ ఇంకా తెలీదు.

"నీ పుస్తకాల్లో తెలీదని ఎప్పుడూ లేదు," అంది ప్లీడరు.

"తెలిసేదాకా అడిగేదాన్ని. ఇది అడిగినా తెలీలేదు."

పిల్ల ఆ పేజీ వంక ఇంకోసారి చూసింది. తర్వాత, ఆపరేషను గదిలోకి పెన్సిలు తీసుకెళ్లనిస్తారా అని అడిగింది. నానమ్మకి ప్రాణం లేచొచ్చింది గానీ పైకి చూపించలేదు. అది కనుక్కోలేదు, నువ్వే అడగాలి అంది.

ఆపరేషను రోజున ఆస్పత్రికి వచ్చింది పేషెంటు కాదు, తనిఖీ అధికారి. గౌను వెనకవైపు కట్టుకోవాలి అన్నచోట టిక్కు. సూది గుచ్చేటప్పుడు చురుక్కుమంటుంది అన్నచోట, కళ్లనీళ్లు కారుతుండగానే, గట్టిగా టిక్కు. పెన్సిలు లోపలికి వీల్లేదన్నారు. అయితే వాసన గుర్తుపెట్టుకుంటానని చెప్పి, చక్రాల బల్ల మీద పైకప్పు చూసుకుంటూ వెళ్లిపోయింది. తండ్రి వైపు మాత్రం తిరగలేదు. తలుపు మూసుకున్నాక కూడా అతను చెయ్యి ఊపుతూ నుంచున్నాడు.

లేచాక వాంతి అయింది, సలిపింది, ఏడ్చింది. మర్నాడు పొద్దున్న కళ్లు తెరిచి, పుస్తకం ఏదంది. ముందు మాస్కు పేజీ తీసి, రబ్బరు వాసన అన్న మాట కొట్టేసి, కొత్త స్కూలు బ్యాగు వాసన అని రాసింది. ఇంకోచోట "నాన్న బయట కుర్చీలో కూర్చుని ఉంటాడు" అని ఉంది. నర్సుని పిలిచి విచారణ జరిపింది. అయ్యో, మీ నాన్న కూర్చుంటేగా, వసారా అరిగిపోయేలా తిరుగుతూనే ఉన్నాడు అందావిడ. ప్లీడరు ఆలోచించి దాన్నీ కొట్టేసింది. "కూర్చోలేదంట" అని పక్కన రాసింది. నానమ్మ తన జన్మలో అన్ని దిద్దుబాట్లు ఏ పబ్లిషరు చేతా చేయించుకోలేదు, అంత సంతోషంగానూ చేయించుకోలేదు.

చెవిలో దూది కొన్ని వారాలు ఉంది. అన్నాళ్లూ ప్లీడరు తండ్రితో ముక్తసరిగానే మాట్లాడింది, మంచినీళ్లు, రబ్బరు, చెప్పులు అని. అతను ఆ మాటలే మహాప్రసాదంలా అందుకున్నాడు. దూది తీసిన రోజున డాక్టరు గారు చిల్లు చక్కగా మూసుకుంది, వినికిడి మెల్లమెల్లగా రావాలి, చూద్దాం అంది. ఎలా ఉందే అని అందరూ పిల్ల చుట్టూ మూగారు. అందరూ బాత్రూంలోంచి మాట్లాడుతున్నట్టుంది అంది. అది మంచో చెడో ఎవరికీ అంతుబట్టలేదు. ఆఖరి పేజీలో గడి ఖాళీగానే ఉంది.

ఆ సాయంత్రం ప్లీడరు ముందుగదిలో చాప మీద పడుకుని పుస్తకం చదువుతోంది. కుడి చెవి దిండులో గట్టిగా నొక్కుకుంది. ఎవరి గోలా వద్దనుకున్నప్పుడు పడుకునే పద్ధతి అది. అలా పడుకుంటే పక్కన పళ్లెం పడినా ఉలకదు. నానమ్మ కిటికీ దగ్గర అచ్చుకాగితాలు దిద్దుకుంటోంది. కొడుకు పనినుంచి వచ్చి, చేతులకి రంగు కడుక్కోకుండానే గుమ్మంలో ఆగాడు. కూతురు పడుకున్న తీరు చూసి ధైర్యం తెచ్చుకుని, గొంతు తగ్గించి తల్లిని అడిగాడు.

"అమ్మా, దానికి నా మీద కోపం పోయిందంటావా?"

నానమ్మ కళ్లజోడు తీసి ఏదో చెప్పబోయింది. ఈలోపు దిండు మీదనుంచి, పుస్తకంలోంచి కళ్లెత్తకుండానే, ప్లీడరు చెప్పింది.

"ఇంకా లేదు."

కొడుకు గుమ్మంలోనే కూలబడ్డాడు. రంగు చేతులతోనే మొహం తుడుచుకుని, అదే ప్రశ్న మళ్లీ అడిగాడు, ఈసారి ఇంకా మెల్లగా.