సత్యారావు వాటా

సునామీ వచ్చి ఏడు నెలలైనా, డాలీగంజ్‌లో అప్పలకొండమ్మ మొగుడి వాటా తీయడం మానలేదు. తాపీ పనికి కార్ నికోబార్ దీవికి వెళ్లిన సత్యారావు శవం దొరకలేదు. దొరకనివాడు ఏ దీవిలోనో ఉండే ఉంటాడని ఆమె నమ్మకం. వండిన పులుసులో పెద్ద ముక్క ఆయన గిన్నెలో వేసి, మూతపెట్టి, మర్నాటిదాకా ఎదురుచూసేది. పారేయడానికి చెయ్యి రాదు. గోడ మీద పెడితే కాకులు తింటాయి. కాకులకు పెట్టడమంటే పోయినవాళ్లకు పెట్టడమే కదా! అందుకని తనే చద్దన్నంలో కలుపుకుని తినేసేది.

వానల్లో ఓ ఆదివారం సూర చేప పులుసు అలాగే తింది. సాయంత్రానికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి.

పక్కింటి సంతోషకుమారి నర్సు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో పట్టింది.

"చేపల పులుసు రోజంతా బయటెట్టి తింటారేటి దీదీ? ఒకటి రెండు రోజుల్లో అదే సర్దుకుంటాది. నీళ్లు కడుపులో నిలవాల, బస్, అంతే. నిలవకపోయినా, నెత్తురు పడినా, జొరం కాల్చేసినా నాకు కబురెట్టు."

మూడో రోజుకీ నీళ్లు నిలవలేదు. అప్పలకొండమ్మ కళ్లు లోపలికి పోయాయి. లేచి నిలబడితే ఇల్లు గిర్రున తిరిగింది.

"ఒంటేలికి ఎప్పుడెల్లావు?" అంది సంతోషకుమారి.

"నిన్న... సందేల."

"ఇంక ఇంట్లో ఉంచీది లేదు. ఆటో పిలుస్తన్నాను, ఆస్పత్రికెల్దాం."

"నాను రాను. ఆయనొచ్చి తలుపు కొడితే ఎవులు తీస్తారు?"

"నువ్వు లోపల సచ్చి పడుంటే మాత్రం ఎవులు తీస్తారు?" అంది సంతోషకుమారి. "మీ గుమ్మంలో మా అమ్మని కూకోబెడతాను. పద."

ఆ మాట మీదే అప్పలకొండమ్మ ఆటో ఎక్కింది.

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. మర్నాటికి కడుపు నెమ్మదించింది. సాయంత్రం సంతోషకుమారి గంజి తెచ్చింది.

"ఎవులైనా వొచ్చారా?"

"లేదు దీదీ."

అప్పలకొండమ్మ గంజి గ్లాసు ముట్టకుండా పక్కన పెట్టింది.

"ఆకలితో వొత్తాడు, సంతోషం. ఇంట్లో ఏటీ లేకపోతే?"

"వొచ్చాకే పొయ్యి ముట్టించు. వేడివేడిగా పెట్టు. ఇన్నాళ్లు ఆగినోడు, పులుసు ఉడికీదాకా ఆగలేడా?"

"ఆగలేడే," అంది అప్పలకొండమ్మ. "గిన్నె మూత తీసి తీసి చూస్తాడు."

గంజి గ్లాసు అడుగంటా తాగింది.