శెట్టి కన్నూ, నడిమి రకం కెమెరా

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో మహీధర్ శెట్టి కన్నంటే కన్నే. నగను గీటురాయి మీద గీయకముందే, ఇట్ల అరచేతిలో పెట్టుకుని అట్ల తిప్పి, దాని వన్నె ఇంతని చెప్పేస్తాడు. తర్వాత గీసి చూసినా, మిషన్లో పెట్టి చూసినా ఆయప్ప చెప్పిందే వస్తాది. పక్కంగళ్ళోళ్ళకు అనుమానమొస్తే నగను చేతిరుమాల్లో చుట్టుకుని ఈ అంగడికే వస్తారు. దానికి మహీధర్‌కు గర్వం. ఉండదా మరి? ఊరంతా బంగారం అమ్మే చోట, బంగారాన్ని అందరికన్నా బాగా చూసేవాడు అనిపించుకుంటే ఎవురికైనా మీసం దానంతటదే లేస్తాది.

ఆ కన్నుకు బంగారం తర్వాత ఫోటోలంటే పిచ్చి. ఆదివారమొస్తే అంగడిని నాయన వీరాంజనేయులుకు అప్పగించి, కెమెరా మెడకేసుకుని గండికోటకు పోవాల్సిందే. ఆయప్ప లాంటి పిచ్చోళ్ళే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి ఇంకొందరు చేరినారు. కలమల్ల కరెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు ఒకాయన, బళ్ళో సైన్సు చెప్పే సుధారాణి మేడం, లాయర్లు ఇద్దరు, ఇట్ల. వాళ్ళకొక వాట్సాప్ గ్రూపు. మహీధర్ ఊ అనకుండా ఆ గ్రూపులో ఎవురూ కెమెరా సంచి గూడా కొనరు.

ఫరూఖ్‌ది జమ్మలమడుగు. పెండ్లి ఫోటోలు తీసే స్టూడియో మూసేసి, పులివెందుల బస్టాండు కాడ కెమెరాల అంగడి పెట్టినాడు. పెట్టి ఇంకా ఏడాది కాలేదు. ఒకనాడు కొత్త కెమెరాను అట్టపెట్టెతో సహా తెచ్చి మహీధర్ ముందర పెట్టినాడు. పెండ్లిండ్లు తీసేవాళ్ళు కొనే పెద్ద కెమెరా కాదది, పిల్లోల పుట్టినరోజుకు కొనే చిన్నదీ కాదు. నడిమి రకం. మహీధర్ లాంటి పిచ్చోళ్ళ కోసమే చేసింది. కొన్నాళ్ళు వాడి, బాగుంటే బాగుందని, బాగలేకుంటే బాగలేదని గ్రూపులో చెప్పమన్నాడు. గ్రూపులో వాళ్ళు కొంటే ఆ మాట కడప దాకా పోతాది, అంగడి నిలబడతాది. లేకుంటే మూసుకోవాల్సిందే. ఆ సంగతి ఫరూఖ్ దాచకుండా చెప్పినాడు.

మహీధర్ పరీక్షంటే మామూలుగా ఉండదు, కొత్త కోడలికి అత్త పెట్టే పరీక్షే. పొద్దు పొడిచే యాళకు గండికోట అంచున నిలబడి తీసినాడు. పైన ఆకాశం మండతాంటే కింద లోయ ఇంకా నీడలోనే ఉండె. నాసిరకం కెమెరాలైతే రెండిట్లో ఒకటే చూపిస్తాయి. ఆకాశం కనపడితే బండలు మాడిపోతాయి, బండలు కనపడితే ఆకాశం సున్నం కొట్టినట్లు తెల్లబడతాది. ఇది రెండిటినీ పట్టింది, ఎర్రబండల పొరలతో, అడుగున పెన్న నీళ్ళతో సహా. ఎర్రగుంట్ల రోడ్డు పక్కన నిలబడి, సిమెంటు లారీలు దూసుకొస్తాంటే నొక్కినాడు. ఆ దుమ్ములో గూడా లారీ నుదుట రాసిన దేవుని పేరు తేటగా వచ్చింది. మునిమాపున అమ్మవారిశాల గుళ్ళో దీపాల వెలుతురుకు తీసినా బొమ్మ గరుకు తేలలేదు. పిడికిలికి కుదురుగా ఉండాది, బరువు గూడా మెడకు తెలియడంలేదు. వంకంటారా, ఒకటుండాది. వరసగా శానా ఫోటోలు నొక్కితే కాసేపు ఆయాసపడి నిలిచిపోతాది. పిట్టల ఎంబడి పరిగెత్తేవాళ్ళకు గదా ఆ బాధ, ఉండనీలే అనుకున్నాడు.

ఆఖరి పరీక్ష బంగారం. ఇంకే ఊరోడూ పెట్టని పరీక్ష, ప్రొద్దుటూరోడు పెట్టకుండా ఉండలేని పరీక్ష. అంగట్లో కాసులపేరు పరిచి, దీపాలన్నీ వేసి తీసినాడు. తెర మీద చూస్తే బంగారం పాలిపోయి ఉండె. మళ్ళా తీసినాడు. అదే రంగు. నగను తెర పక్కనే పెట్టి చూసినాడు. చేతిలోది నిగనిగలాడే మేలిమి, తెరలోది జ్వరమొచ్చి లేచిన మనిషి మొగం. మహీధర్‌కు ఒళ్ళు మండింది. బంగారం కాడ తన కన్నుకు ఎదురుచెప్పే వస్తువు ఇంతవరకూ పుట్టలేదు.

గ్రూపులో మాట వదిలినాడు. తక్కినవన్నీ బాగుండాయి గానీ, బంగారు రంగు పట్టలేని కెమెరా ప్రొద్దుటూరోనికెందుకు, కొనొద్దండి అని. అంతే, కొంటామన్నోళ్ళంతా ఫరూఖ్‌కు ఫోన్లు చేసి వద్దనేసినారు. ఫరూఖ్ వాదం పెట్టుకోలేదు. ఇంకొకసారి చూడన్నా అని మాత్రం అడిగినాడు. నా కన్ను మీదే అనుమానమా అని మహీధర్ ఫోన్ పెట్టేసినాడు. ఆ పిల్లోని అంగడి ఏమవుతాదోనని లోపల పీకుతానే ఉండె. అయినా మాట మాటే అనుకున్నాడు.

మర్నాడు మిట్టమధ్యాన్నం చక్రాయపేట నుంచి పెంచలమ్మ దిగింది. చీనీతోటలుండే రైతు ఇంటి పెద్దామె. ఆయమ్మ నోటికి మండలంలో సగం మంది జడుస్తారు. కోడలికి కాసులపేరు కొనాలని వచ్చి, పరిచినవన్నీ చూసి, నిన్న మహీధర్ ఫోటో తీసినదాన్నే చేతిలోకి తీసుకుని లేచింది. పల్లెల ఆడోళ్ళకు అదొక పద్ధతి. అంగట్లో దీపాలను నమ్మరు. నగను వాకిట్లోకి తెచ్చుకుని ఎండలో చూస్తే గానీ దుడ్లు తియ్యరు. అంగడోళ్ళు లోలోపల నవ్వుకుంటారు. నవ్వుకున్నా, నగ గడప దాటుతాంది గాబట్టి ఎంబడే ఒకరు పోయి పక్కన నిలబడతారు. ఆ పొద్దు మహీధరే పోయినాడు.

ఇన్నేండ్లూ వాకిట్లో నిలబడినప్పుడల్లా మహీధర్ కొనేవాళ్ళ మొగమే చూసినాడు, కొంటారా కొనరా అని. నగను చూసిండ్లేదు. పెంచలమ్మ మొగం చూసి ఎవురూ ఏమీ కనిపెట్టలేరు గాబట్టి, ఆ పొద్దు నగను చూసినాడు. ఎండలో కాసులపేరు నెమ్మదైన రంగుతో, నిబ్బరంగా ఉండె. సరిగ్గా కెమెరా చూపిచ్చిన రంగు.

మహీధర్ గబగబా లోపలికి పోయి కెమెరా తెచ్చి, నిన్నటి బొమ్మను నగ పక్కన పెట్టినాడు. పిసరంత తేడా లేదు. తల తిప్పి అంగట్లోకి చూసినాడు. పైకప్పు నిండా పసుపు బల్బులు. నగలు నిగనిగలాడాలని, అంగడి బాగుచేయించినప్పుడు తానే ఏరికోరి పెట్టించినవి. వీధిలో అందరి అంగళ్ళలోనూ అవే. దీపం రంగును కెమెరా తీసేసి, వస్తువు అసలు రంగు చూపిస్తాదని గ్రూపులో అందరికీ పాఠం చెప్పింది గూడా తానే. బంగారం కాడికొచ్చేసరికి ఆ పాఠం గుర్తుకు రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, కెమెరా మీద నింద వేసి కూర్చున్నాడు.

"ఏం శెట్టీ," అనింది పెంచలమ్మ. "లోపలొక రంగు, బయటొక రంగు. యాది నిజం?"

మహీధర్ చుట్టూ చూసినాడు. అంగడి నిండా జనం, గల్లాపెట్టె కాడ నాయన. కెమెరా బాగానే ఉండాదని గ్రూపులో రెండు ముక్కలు వేసి ఊరుకోవచ్చు, ఎవురూ కారణం అడగరు. కారణం చెప్పాలంటే తన కన్ను తప్పిందని చెప్పాల. అది చెప్పాలంటే, అంగట్లో దీపాలు బంగారానికి లేని రంగు పూస్తాండాయని చెప్పాల. బంగారం అమ్మేవాడు, బంగారు అంగళ్ళ వీధిలో నిలబడి! పేరు పోతే నగ మాదిరి కరగబెట్టి మళ్ళా చేసుకునేది కాదు. ఇంకొకసారి చూడన్నా అన్న ఫరూఖ్ గొంతు చెవిలో మెదిలింది. ఆ పిల్లోడు బతిమాలలేదు, తిట్టలేదు. అదే మహీధర్‌ను ఎక్కువ కుదిపింది.

"బయటిదే నిజం, అమ్మా," అన్నాడు.

అని ఊరుకోలేదు. ఎండలో కాసులపేరును ఇంకొక ఫోటో తీసి, నిన్న అంగట్లో తీసినదాని పక్కన పెట్టి గ్రూపుకు పంపినాడు. ఆ గడప మీదే నిలబడి, అందరూ వింటాంటే గ్రూపుకు వాయిస్ మెసేజి గూడా పెట్టినాడు.

"కెమెరాది తప్పు లేదు. మా అంగట్లో పసుపు దీపాల కింద ఏండ్ల తరబడి కూర్చుని నా కన్నే తప్పింది. బంగారం ఎట్లుండాదో అట్లే చూపిచ్చింది ఈ కెమెరా. నిన్నటి మాట వెనక్కి తీసుకుంటాండా. కొనండి."

 పక్కంగడాయన మెట్ల మీదికొచ్చి మహీధర్‌ను ఎగాదిగా చూసి, గొణుక్కుంటా లోపలికి పోయినాడు. కాసేపటికి ఫరూఖ్ ఫోన్ చేసినాడు. వద్దన్నోళ్ళు మళ్ళా ఫోన్లు చేస్తాండారన్నా అన్నాడు. 

అప్పుడు వీరాంజనేయులు గల్లాపెట్టె కాడి నుంచి లేచినాడు. ఎనభై దాటిన మనిషి, గాజుబల్ల పట్టుకుని నిమ్మళంగా నడిచినాడు. నాయన నలుగుర్లో ఏమంటాడోనని మహీధర్ తల దించుకున్నాడు. నాయన గోడ కాడికి పోయి స్విచ్చులు ఒకటొకటే ఆర్పినాడు. పసుపంతా పోయింది. వాకిలి నుంచి వచ్చే వెలుతురు ఒకటే మిగిలింది. గాజుబల్లల కింద నగలన్నీ నెమ్మదైన రంగుకొచ్చినాయి.

"మా నాయన ఈ అంగడి పెట్టినప్పుడు వాకిలి వెలుతురుకే అమ్మినాడురా," అన్నాడు ముసలాయన. "ఈ పొద్దు నువ్వు ఆయనకు మనవడివైనావు."

మహీధర్‌కు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. తన కన్నును ఎంతమంది పొగిడినా ఎప్పుడూ ఇంత గర్వపడలేదు. నాయన మళ్ళా పోయి గల్లాపెట్టె కాడ కూర్చున్నాడు, ఏమీ జరగనట్లు.

పెంచలమ్మ చెప్పులు విడిచి లోపలికొచ్చి, నగలు చూసేవాళ్ళకు పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చునింది. చేతిలోని కాసులపేరును పక్కన పెట్టుకునింది.

"కోడలికి ఇది సరే. బిడ్డకు గూడా ఒకటి చూపీ శెట్టీ," అనింది. "ఈడనే చూస్తా. ఇంక ఎండలోకి పోయే పనిలేదు."