అప్పగింతలప్పటి మాట

పరమేష్ నల్గొండ నుంచి తెచ్చిన వస్తువు బొటనవేలికంటే కాస్త పొడుగుంది. టీవీ వెనక గుచ్చితే అదే కంప్యూటరట.

"గీ పుల్లల అక్క పెండ్లంత వట్టిందా?" అని గుర్వమ్మ ముక్కున వేలేసుకుంది.

"పెండ్లేందమ్మా, మనూరంత వడ్తది," అన్నాడు కొడుకు.

అక్క నాగరాణి నవ్వలేదు. అత్తగారి ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది ఒక్క మాట కోసం. అప్పగింతలప్పుడు తండ్రి బీరప్ప ఆమె భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. ఒకపక్క బ్యాండు, ఒకపక్క తన ఏడుపు. వినపడలేదు. తర్వాత అడుగుదామనుకుంది గాని ఎందుకో సిగ్గేసింది. అడక్కముందే ఆయన పోయాడు.

పెళ్లి సీడీలు ఇనప్పెట్టెలో భద్రంగానే ఉన్నా, వాటిని ఆడించే డబ్బా ఎప్పుడో మూలపడింది. పరమేష్ వాటిని స్టూడియోలో మెమరీ కార్డులోకి ఎక్కించుకొచ్చి ఆ పుల్లలో పెట్టాడు.

బొమ్మ వచ్చింది. కొత్తలో ఈ సీడీ వేస్తే వాకిలి నిండిపోయేది. ఎవరు కనపడితే వాళ్ల పేరు పెట్టి అరిచేవారు. లడ్డు మళ్లీ అడిగి తీసుకున్న దశరథ్ చిన్నాయినను ఊరంతా ఆటపట్టించేది. బీరప్ప గోడకు ఆనుకొని, మోకాళ్ల మీద గొంగడి వేసుకొని చూసేవాడు. అప్పగింతలు వచ్చేసరికి మాత్రం, "గొర్లు బెదిరినట్టున్నయ్," అంటూ దొడ్లోకి లేచిపోయేవాడు.

ఇప్పుడూ అప్పగింతలు వచ్చాయి. నాగరాణి టీవీ ముందుకు జరిగింది. బీరప్ప నోరు కదిలింది. వినిపించింది అప్పటి సినిమా పాటే. దాని కింద బాపు మాట ఉండకపోతుందా అనుకుంది.

"సౌండు వెంచురా!"

"పెంచితే పాటే వెరుగుతదక్కా. వీడియో ఆయన మొత్తం పాటనే ఏసిండు. కింద మాట లేనే లేదు."

ఆ రోజుల్లో ఆ పాటకే అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఇప్పుడు దాన్ని పీక పిసికేయాలన్నంత కోపం వచ్చింది నాగరాణికి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గుర్వమ్మ కూతురి వంక చూసింది. "గా పాట బంద్ చెయ్యి. జర ఎన్కకు పెట్టు," అంది.

"మాట లేదంటుంటే..."

"నాకు మాటెందుకురా? మీ బాపు గా గుట్ట మీద, నేను గీ గుట్ట మీద గొర్లు కాసినోళ్లం. గాలికి మాట అందేదా? మూతి చూసి తెలుసుకునుడే."

"మరి గిన్నేండ్లు ఎందుకు చెప్పలేదే?" అంది నాగరాణి.

"నేనెప్పుడు చూసిన బిడ్డా? గప్పుడు ఒడిబియ్యం మూట కోసం లోపలున్న. సీడీల అప్పగింతలు రాంగనే మీ బాపు లేసుడు, ఆయన ఎంబడి నేను లేసుడు."

పరమేష్ వెనక్కి తిప్పి సౌండు తీసేశాడు. టీవీలో బీరప్ప పెదవులు కదిలాయి. వాటి వెంట గుర్వమ్మ పెదవులూ కదిలాయి.

"నీకిచ్చిన గొర్రెకు చెవు కొయ్యలే బిడ్డా. నీ గుర్తు నువ్వే పెట్టుకో."

నాగరాణికి ఆ గొర్రె గుర్తొచ్చింది. మందలో గొర్రె ఎవరిదో చెప్పేది చెవి మీది గాటే. ఏ ఇంటి గాటు ఆ ఇంటిది. కూతురికిచ్చే గొర్రెకు పుట్టింటి గాటు పెట్టి పంపడం వాళ్లలో వాడుక. తన గొర్రె చెవులు నిండుగా ఉండటం చూసి, పెళ్లి హడావిడిలో బాపు మరిచాడనుకుంది. మర్నాడే అత్త తమ ఇంటి గాటు పెట్టిస్తుంటే పక్కనే నిలబడి చూసింది.

"ఇంకేమన్నడు?"

"గంతే. ఇగ చూడు, మూతి బిగవట్టిండు. ఏడుపొచ్చినట్టుంది."

నాగరాణి అంది, "గా గొర్రె సంతతిల మొన్న ఒకటి ఈనిందమ్మా. పిల్లకు ఇంక చెవు కొయ్యలే. ఏం గుర్తు పెడ్దునే?"

గుర్వమ్మ టీవీ మీది నుంచి చూపు తిప్పలేదు.

"నన్నడుగుతవేంది? నిన్నే పెట్టుకొమ్మంటుండు గదా."