సోమరిపోతు ఇచ్చిన నీలం

అయినా లెక్కలు చేసుకుంటూ కూనిరాగం తీస్తే ఏం కొంప మునుగుతుందని పొద్దున్నే తను కూతురి మీద అంత ఎత్తున లేచింది, తొమ్మిదేళ్ల పిల్ల, పెన్సిలు కదిలితే నోరూ కదలాల్సిందే, అందుకే ఇంట్లో అందరికీ అది పిచ్చుక, ఆ పాట ఆపితే ఇంకో రెండు లెక్కలు ఎక్కువ అవుతాయి కదే అని తను అనగానే నోరు మూసుకుంది, ఆ తర్వాత పెన్సిలూ కదల్లేదు, సరే, సాయంత్రం చూసుకోవచ్చు, ముందు ల్యాబులో ఈ ట్యాంకు సంగతి, పన్నెండింటికి గడువు, లీటరుకి ఐదు గ్రాముల నీలిరంగు రాకపోతే ట్యాంకు పక్క గదివాళ్లకి పోతుంది, చక్కెర తినే బ్యాక్టీరియా చేత బట్టల రంగు చేయించాలన్న తన ఆరేళ్ల పంతం బీరువాలోకి పోతుంది, డైరెక్టరు గారు ఆ మాట ఎంతో మెత్తగా చెప్పారు, మెత్తగా చెప్పినందుకే ఒళ్లు మండింది.

మండదా మరి, తరం తరానికీ ఒక్కో జన్యువు కత్తిరించి, తిన్న ప్రతి పలుకూ రంగే కావాలని పదకొండో తరం దాకా తెచ్చింది, అది చిన్న ఫ్లాస్కులో ఏడు గ్రాములు ఇస్తుంది, ట్యాంకులోకి దింపితే మాత్రం రెండో రోజుకే నీరసించి చస్తుంది, ఆఖరిసారిగా వేసినదానికి ఇవాళ మూడో రోజు, చూడకుండానే ఏడుపొస్తోంది, కానీ ఇదేమిటి, గాజులోంచి ఈ నీలమేమిటి, ఇంత చిక్కగా, లైటు వేసినా అవతలి వైపు కనపడనంతగా, నమూనా తీసింది, యంత్రంలో పెట్టింది, ఆరు పాయింట్ రెండు, నమ్మలేక మళ్లీ పెట్టింది, ఆరు పాయింట్ మూడు, స్టూలు మీద కూలబడి, ఒంటరిగా పళ్లన్నీ కనపడేలా నవ్వింది.

నవ్వు ఆగకముందే బాబాయ్ వచ్చాడు, ట్యాంకులు చూసుకునే పెద్దాయన, అందరికీ బాబాయే, రిజిస్టరులో రాయడానికి, మొన్న ట్యాంకులో ఒంపిన ఖాళీ ట్యూబు మీద అంకె చూశాడట, అమ్మా, దీని మీద రెండు అని ఉందేంటి, మనం వేసింది పదకొండు కదా, అన్నాడు, ఆమె ట్యూబు లాక్కుని చూసింది, రెండే, ఫ్రీజరు దగ్గర వేళ్లు కొంకర్లు పోతాయని ఎవరూ అంకెలు చదవరు, పెట్టెలో కొత్త తరం ట్యూబు ఎప్పుడూ ఎడమ చివరే, చెయ్యే వెతుక్కుని తీసుకుంటుంది, పెట్టెను ఎవరో తిప్పి పెట్టినట్టున్నారు, తన చెయ్యి తిన్నగా పాతదాని మీదికి పోయింది, ఫ్లాస్కులో రంగు తక్కువిస్తుందని సోమరిపోతు అని తనే పేరుపెట్టి మూలకి నెట్టిన రెండో తరం మీదికి.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది, బాబాయ్ పెన్ను పట్టుకుని తనకేసి చూస్తున్నాడు, చెబితే ఆ తొమ్మిది కత్తిరింపులూ తెలివితక్కువ పనులని తన నోటితోనే ఒప్పుకున్నట్టు, ఒప్పుకుంటే ఏం, రెండనే రాయి బాబాయ్, అని తనే డైరెక్టరుకి ఫోన్ చేసి తప్పుతో సహా చెప్పేసింది, ఏ తరమైతేనేం, అంకె అంకే కదమ్మా, ట్యాంకు నీదే, అన్నారు, ఫోన్ పెట్టేసినా ఆమె చూపు గాజు మీదే ఉంది, మూడో తరంలో తను మొట్టమొదట కత్తిరించింది దేన్ని, తిన్నదాంట్లో కాస్త చక్కెర కడుపులో దాచుకునే అలవాటుని, దుబారా అనుకుంది, దొంగతనం అని కూడా అంది, ఇంత పెద్ద ట్యాంకులో తిండి ఒక మూల అంది ఇంకో మూల అందకపోతే ఆ దాచుకున్నదే దాన్ని మూడు రోజులు నిలబెట్టింది, తనకోసం కాస్త ఉంచుకుంది కాబట్టే ఇంత ఇవ్వగలిగింది, ఇది తెలియడానికి ఆరేళ్లు పట్టింది తల్లీ నీకు, అని తనని తనే తిట్టుకుంటుంటే ఎందుకో హాయిగా ఉంది, నమూనా తీసిన చేతులు తాకి మొహమంతా నీలం మరకలు, తుడుచుకోవాలని కూడా లేదు, సాయంత్రం ఇంటికెళ్లి లెక్కల పుస్తకం ముందు పిచ్చుక పక్కన కూర్చోవాలి, ఎన్ని అయ్యాయని అడగకూడదు, పొద్దున మధ్యలో ఆపించిన ఆ పాట తర్వాత ఎలా ఉంటుందో అడగాలి.